ఛాతీలో మంట: వంటింటి వైద్యం ఎంతవరకు?

గత సంచిక తరువాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే బాధను గురించి ఉన్నాయి. ఒకరు దానిని 'గ్యాసు' అన్నారు, మరొకరు 'ఎసిడిటీ' అన్నారు, పదవీ విరమణ చేసిన పెద్దలొకరు 'పైత్యం' అని వ్రాశారు. పేర్లు వేరైనా లక్షణాలు ఒకటే. భోజనమైన కొంతసేపటికి రొమ్ము ఎముక వెనుక మంట పుట్టి గొంతుదాకా ఎగదన్నడం, పులితేన్పులు, పడుకున్నప్పుడు నోట్లోకి పుల్లని నీరు రావడం. మాత్రల జోలికి పోకుండా వంటింటి వస్తువులతోనే దీనిని అదుపులో పెట్టుకోవచ్చునా అన్నది అందరి ప్రశ్న. నేను వైద్యుడిని కాను. ముప్పై ఏళ్ళుగా పంపులూ, పైపులైన్లూ, కవాటాలూ చూసుకుంటున్నవాడిని. అయితే ఈ రోగం ముఖ్యంగా ఒక కవాటానికి సంబంధించినది కనుక, దానిని గురించి నాలుగు మాటలు చెప్పడం నా పరిధికి మరీ బయటి పని కాదనుకుంటాను.

జఠరరసంలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఉక్కు రేకులపై తుప్పు పొరను తొలగించే పిక్లింగ్ తొట్టెలలో వాడేదీ ఇదే ఆమ్లం. ఆ తొట్టెలకు లోపల రబ్బరు పూత వేయకపోతే అవి నిలువవు. మన జీర్ణకోశపు లోపలి గోడకు కూడా ప్రకృతి అటువంటి జిగురుపొరను ఏర్పాటు చేసింది. కానీ పైనుండి వచ్చి దానిలో కలిసే అన్నవాహికకు ఆ రక్షణ లేదు. రబ్బరు లైనింగు ఉన్న ట్యాంకుకు మామూలు ఇనుప గొట్టం బిగించినట్లన్నమాట. గొట్టంలోకి ఆమ్లం వెనుకకు పోనంతవరకు చిక్కు లేదు. పోకుండా చూడవలసినది కవాటం.

ఆ కవాటం మన పంపుహౌసులో ఉండే నాన్ రిటర్న్ వాల్వు వంటిది కాదు. దానికి రేకు లేదు, స్ప్రింగు లేదు. అన్నవాహిక అడుగు భాగాన 3, 4 సెంటీమీటర్ల పొడవున ఉండే కండరాల పట్టు అది. మింగినప్పుడు వదులవుతుంది, తరువాత బిగుసుకుంటుంది. దాని చుట్టూ ఉదరాన్నీ ఛాతీనీ వేరుచేసే డయాఫ్రం కండరం మరొక బిగింపు ఇస్తుంది. ఆరోగ్యవంతునిలో ఈ పట్టు బలం సుమారు 10 నుండి 30 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. దానిని 15 అనుకొని నీటి మట్టంలోకి మారిస్తే 20 సెంటీమీటర్లు. ఒక జానెడు నీటిని ఆపగలిగే బలం మాత్రమే! పైగా ఛాతీలోపలి పీడనం ఎప్పుడూ ఉదరంలోపలి పీడనం కంటే తక్కువ. అంటే కడుపులో ఉన్నదానిని పైకి నెట్టే తోపు పగలూ రాత్రీ ఉండనే ఉన్నది. బెల్టు బిగించినా, బొజ్జ పెరిగినా, భోజనం కాగానే వంగి బరువులెత్తినా ఆ తోపు మరికొంత హెచ్చుతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. మంట ఉన్నవారందరికీ ఆమ్లం అధికంగా ఊరుతున్నదని మనం అనుకుంటాము. వారిలో చాలామందికి ఊరే ఆమ్లం మామూలు పరిమాణమే. అది ఉండకూడని చోటికి చేరుతున్నది, అంతే. కనుక ఏ చిట్కానైనా 'ఇది ఆమ్లాన్ని తగ్గిస్తుందా?' అని మాత్రమే అడిగితే చాలదు. 'ఇది కవాటం మీద భారాన్ని తగ్గిస్తుందా?' అని కూడా అడగాలి. ఈ రెండవ ప్రశ్న వేస్తే మనం గొప్పగా చెప్పుకొనే చిట్కాలు కొన్ని వెలవెలబోతాయి. ఎవరూ చిట్కాగా పరిగణించనివి కొన్ని ముందుకు వస్తాయి.

వాటిలో మొదటిది మంచం. రాత్రిపూట మంట ఎక్కువయ్యేవారు మంచానికి తలవైపు కోళ్ళ కింద 6 నుండి 8 అంగుళాల ఎత్తు పెట్టాలని వైద్యులు చెబుతారు. పాత కొలతల ఇటుకలు, అంటే 9 × 4½ × 3 అంగుళాలవి, ఒకదానిపై ఒకటి రెండు పడుకోబెడితే 6 అంగుళాలు వస్తుంది. ఆరున్నర అడుగుల మంచానికి అది 13కు 1 వాలు. నాలుగైదు డిగ్రీలకు మించదు. పడుకున్నవారికి మొదటి రెండు రాత్రులు తప్ప తేడా తెలియదు, ఆమ్లానికి మాత్రం తెలుస్తుంది. ఇటుక మీదినుండి కోడు జారే ప్రమాదమున్నది కనుక వడ్రంగి చేత నడుమ గుంట చెక్కించిన చెక్క దిమ్మెలు రెండు చేయించుకోవడం మేలు. దీనికి బదులు రెండు మూడు తలగడలు పేర్చుకుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. తలగడలు మెడనూ భుజాలనూ మాత్రమే లేపుతాయి. శరీరం నడుము దగ్గర మడతపడి ఉదరంపై ఒత్తిడి పెరుగుతుంది. నేలమీద పరుపు వేసుకొని పడుకునే అలవాటున్నవారు నడుము నుండి పైభాగమంతా ఏటవాలుగా లేచేటట్లు పరుపు కింద కంబళ్ళు మడతలు వేసి సర్దుకోవాలి.

ఎటు తిరిగి పడుకుంటామన్నది కూడా ముఖ్యమే. జీర్ణకోశం ఆకారం వల్ల ఎడమవైపు తిరిగి పడుకున్నప్పుడు అందులోని ద్రవం కవాటం కంటే దిగువన నిలుస్తుంది. కుడివైపు తిరిగితే కవాటం ద్రవంలో మునిగినట్లవుతుంది. భోజనం కాగానే ఎడమ పక్కకు ఒరగమని మన పెద్దలు చెప్పే మాట ఇక్కడ లెక్కకు సరిపోతున్నది.

రెండవది భోజనానికీ పడకకూ మధ్య విరామం. కనీసం మూడు గంటలు ఉండాలి. ఈ మాట జనరల్ షిఫ్టు వారికి చెప్పడం సులభం. రెండు గంటలకు ఎక్కి పది గంటలకు దిగే బి షిఫ్టు సోదరుల సంగతి వేరు. ఇల్లు చేరేసరికి పదిన్నర, ఇంటావిడ వేడి వేడిగా వడ్డించే అన్నం పదకొండుకు, పక్క మీదికి చేరడం పదకొండున్నరకు. నిండు కడుపు వెల్లకిలా పడుకోవడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు. ప్రధాన భోజనాన్ని క్యారియరులో తెచ్చుకొని ఏడున్నర ప్రాంతాన క్యాంటీనులో ముగించి, ఇంటికి వెళ్ళాక ఒక గ్లాసు పలుచని మజ్జిగతో సరిపెట్టుకోవడమే దీనికి మందు. ఇంట్లో వారికి కష్టం కలుగుతుంది, నిజమే. రాత్రి ఒంటిగంటకు లేచి కూర్చొని ఛాతీ రుద్దుకునే మనిషిని చూడడం అంతకంటే కష్టం. సి షిఫ్టు ముగించి ఉదయం ఆరున్నరకు ఇంటికి వచ్చేవారు ఆరు ఇడ్లీలూ కాఫీ పుచ్చుకొని వెంటనే నిద్రకు ఉపక్రమించడం కూడా ఇటువంటిదే. రెండు ఇడ్లీలతో ఆపి, పేపరు చదువుతూనో పిల్లలను బడికి సిద్ధం చేస్తూనో కొంతసేపు నిలువుగా ఉండాలి.

మూడవది పరిమాణం. కడుపు సాగినప్పుడు అందులోని గాలిని వదలడానికి కవాటం తనంతట తాను కొన్ని క్షణాలు తెరుచుకుంటుంది. తేన్పు వచ్చేది అప్పుడే. ఆమ్లం పైకి జారేదీ ఎక్కువగా అప్పుడే. శనివారం ఒంటిపూట ఉపవాసముండి, రెండవ పూట రెండు పూటలదీ కలిపి ఆరగించేవారికి ఆదివారం ఉదయం మంట ఎందుకో వేరుగా చెప్పనక్కరలేదు. కొవ్వు పదార్థాలు కడుపులో మరింత సేపు నిలుస్తాయి. ఈ సంగతి ప్రత్యక్షంగా చూసినవాడు అమెరికా సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్. 1822లో మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకునికి తుపాకి దెబ్బ తగిలి, పొట్టకు పడిన రంధ్రం పూడకుండా ఉండిపోయింది. బ్యూమాంట్ తిండి ముక్కలను దారానికి కట్టి ఆ రంధ్రం గుండా లోపలికి వదిలి, ఏది ఎంతసేపటికి అరుగుతుందో గడియారం చూసి వ్రాసుకున్నాడు. 1833లో అది గ్రంథంగా వెలువడింది. కోపంలో ఉన్నప్పుడు జీర్ణక్రియ చెడుతుందని కూడా అతడు గమనించాడు. ఉత్పత్తి సమీక్షా సమావేశం ముగిసిన వెంటనే భోజనానికి కూర్చునే అధికారులు ఈ భాగాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి!

ఇక అసలైన వంటింటికి వద్దాము. ఈ బాధ మనకు కొత్తది కాదు. మాధవ నిదానంలోనూ కాశ్యప సంహితలోనూ 'ఆమ్లపిత్తం' పేరుతో దీని వర్ణన ఉన్నది. పైకి ఎగదన్నే దానిని 'ఊర్ధ్వగం' అని వేరుగా చెప్పారు కూడా. మన టౌన్‌షిప్పు వంటి చోట అన్ని రాష్ట్రాల చిట్కాలూ ఒకే వీధిలో దొరుకుతాయి. బెంగాలీ మిత్రులు వాము అర్కం సీసా చేతికిస్తారు. తమిళ మిత్రుల ఇంట దీపావళినాడు అల్లం, మిరియాలు కలిపిన లేహ్యం పెడతారు. ఉత్తరాది వారు నల్లుప్పు, ఇంగువ అంటారు. మనం మజ్జిగతో మొదలుపెడతాము.

మజ్జిగ పులుపు కదా, మంటకు ఎలా పనికివస్తుందని కొందరి సందేహం. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ మానంలో ఒక్కొక్క అంకె పది రెట్ల తేడాను సూచిస్తుంది. జఠరరసం పీహెచ్ 1.5 అనుకుంటే, మజ్జిగది 4.5 దరిదాపుల్లో ఉంటుంది. అంటే మజ్జిగ గాఢత వెయ్యవ వంతు. దానిలోని మాంసకృత్తులు కొంత ఆమ్లాన్ని పట్టుకుంటాయి కూడా. వెన్న తీసిన పలుచని మజ్జిగ ఒక గ్లాసు చాలామందికి హాయినిస్తుంది. చెంబెడు తాగితే మాత్రం పైన చెప్పిన పరిమాణపు సూత్రం అడ్డు వస్తుంది. చల్లని పాల సంగతి వేరు. తాగగానే మంట చల్లారిన మాట వాస్తవమే. కానీ పాలలోని మాంసకృత్తులు, కాల్షియం మరికొంతసేపటికి ఆమ్లాన్ని మళ్ళీ ఊరిస్తాయి. మీగడ పాలు పడుకునే ముందు తాగడమంటే అప్పు తీర్చడానికి అప్పు చేయడమే.

వంటసోడా తక్షణం పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. ఆమ్లమూ క్షారమూ కలిసి ఉప్పు, నీరు, బొగ్గుపులుసు వాయువు ఏర్పడతాయి. ఆ వాయువు కడుపును ఉబ్బించి, కవాటాన్ని తెరిపించి, పెద్ద తేన్పుగా బయటికి వస్తుంది. దానినే మనం 'గ్యాసు పోయింది' అని సంతోషిస్తాము. అది మనం సోడాతో పుట్టించిన గ్యాసే! అరచెంచా సోడాలో సుమారు 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజంతటికీ 2000 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు సోడాను, నీటిలో పొంగే ఫ్రూట్ సాల్టు పొడులను నిత్యం వాడడం ఏమాత్రం తగదు.

అల్లం, శొంఠి కడుపు త్వరగా ఖాళీ కావడానికి తోడ్పడతాయి. భోజనానికి ముందు చిన్న ముక్క చాలు. ఎక్కువైతే అల్లమే మంట పుట్టిస్తుంది. వాము, జీలకర్ర నీళ్ళు ఉబ్బరానికి ఉపశమనం ఇస్తాయని అనుభవజ్ఞులు చెబుతారు. గోరువెచ్చగా కొద్దిగా తాగితే హాని లేదు. భోజనం తరువాత సోంపు నమలడం నాకు నచ్చిన అలవాటు. దానిలో సోంపు పాలు ఎంతో, నమలడం పాలు అంతకంటే ఎక్కువ. నమిలేకొద్దీ లాలాజలం ఊరుతుంది, లాలాజలంలో సహజమైన క్షారం ఉంటుంది, దానిని మింగినప్పుడల్లా అన్నవాహిక కడిగినట్లవుతుంది. పుదీనా అర్కం కలిపిన బిళ్ళలు మాత్రం కవాటాన్ని వదులు చేస్తాయి. నోరు చల్లబడుతుంది, ఛాతీ మండుతుంది. వక్కపొడి, జర్దా, ఖైనీల సంగతి సోంపుతో కలిపి చెప్పదగినది కాదు. పొగాకు కవాటపు పట్టును సడలిస్తుంది. వక్క క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ తేల్చి చాలా కాలమైంది.

అతిమధురం వేరును గురించి ఒక హెచ్చరిక చేయాలి. కషాయాల్లోనూ చూర్ణాల్లోనూ ఇది విరివిగా ఉంటుంది, మంటకు మంచిదన్న పేరూ ఉన్నది. అయితే దీనిని రోజుల తరబడి వాడితే రక్తపోటు పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. 'ఆకులూ వేళ్ళూ కదా, ఏం చేస్తాయి?' అనుకోరాదు. గుణం ఉన్న ప్రతిదానికీ దోషం కూడా ఉండగలదు.

మరొక సంగతి. మంటకు కారణం వంటింట్లో కాక మందుల డబ్బాలో ఉండవచ్చును. రక్తపోటుకు వాడే అమ్లోడిపిన్ వంటివి, ఆయాసానికి వాడే థియోఫిలిన్ కవాటాన్ని వదులు చేయగలవు. కీళ్ళ నొప్పుల మాత్రలు జిగురుపొరను దెబ్బతీస్తాయి. వాటిని మనంతట మనం మానరాదు. కానీ ఆస్పత్రికి వెళ్ళినప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకొని వెళ్ళి చూపించాలి. అలాగే 1980ల చివర వచ్చిన ఒమెప్రజోల్, దాని తరువాత వచ్చిన అదే జాతి మందులు ఆమ్లం ఊరే చోటనే కట్టడి చేస్తాయి. అన్నవాహిక పుండుపడినవారికి అవి నిజంగా అవసరం. ఎవరో వాడుతున్నారని మందుల షాపులో కొని ఏళ్ళ తరబడి మింగడం వేరు. దీర్ఘకాలం వాడినవారిలో కొందరికి బి12 విటమిను, మెగ్నీషియం తగ్గుతాయి. ఒక్కసారిగా ఆపితే కొన్ని వారాలు ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా ఊరుతుంది. అది చూసి 'ఈ మాత్ర లేకపోతే బ్రతకలేను' అనుకొని మళ్ళీ మొదలుపెడతారు. వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించుకోవాలి.

ఇంతవరకు చెప్పినదంతా ఆ మంట జీర్ణకోశానిదే అయినప్పటి మాట. చాలా ఏళ్ళ క్రితం ఒక సి షిఫ్టులో మా విభాగపు సీనియర్ ఫోర్‌మన్ ఒకరికి తెల్లవారుజామున ఛాతీలో మంట, చెమటలు. 'రాత్రి బజ్జీలు తిన్నాను, గ్యాసు' అని ఆయనే అన్నారు. సోడా కలుపుకొని తాగారు. పెద్ద తేన్పు వచ్చింది, కొంచెం తేలికయిందన్నారు, బెంచీ మీద నడుము వాల్చారు. ప్రథమ చికిత్స కేంద్రం అక్కడికి రెండు కిలోమీటర్లు, అంబులెన్సు అక్కడే ఉన్నది. షిఫ్టు మారే వేళకు కుర్రవాళ్ళు లేపబోతే ఆయన లేవలేదు. తేన్పు రావడం, సోడాతో తేలికపడడం గుండెపోటు కాదనడానికి రుజువు కాదని ఆనాడు ఆ పక్కనున్న నలుగురిలో ఎవరికీ తెలియదు.

గుండె నుండీ అన్నవాహిక నుండీ వచ్చే నాడులు వెన్నుపాములో దాదాపు ఒకే చోటికి చేరుతాయి. కంట్రోల్ రూములో రెండు వేర్వేరు పరికరాల అలారం ఒకే ఎర్రదీపానికి కలిపినట్లు. దీపం వెలిగితే ఏది చెడిందో దీపాన్ని చూసి చెప్పలేము, ఫీల్డుకు వెళ్ళి చూడవలసిందే. కనుక మంటతో పాటు చెమట, ఆయాసం, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, ఛాతీపై బరువు పెట్టినట్లుండడం, నడిచినా మెట్లెక్కినా ఎక్కువై ఆగితే తగ్గడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సోడా వెతకవద్దు, ఆస్పత్రికి కదలండి. సొంతంగా స్కూటరు నడుపుకుంటూ పోవద్దు. టౌన్‌షిప్పులో ఉంటే మన అంబులెన్సు, బయట ఉంటే 108. మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు మరీ మందకొడిగా, వట్టి అజీర్తిలాగా కనిపించగలదు. తీరా ఈసీజీ తీస్తే ఏమీ లేదని తేలిందనుకోండి, ఎవరూ నవ్వరు.

మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లని విరేచనం, వాంతిలో రక్తం, రక్తహీనత ఉన్నవారికీ, యాభై దాటాక మొదటిసారిగా ఈ మంట మొదలైనవారికీ చిట్కాలతో కాలయాపన పనికిరాదు. ఎండోస్కోపీ పరీక్ష అవసరమో కాదో వైద్యుడు చెప్పాలి.

చివరగా, మన కాలనీ సోదరి ఒకరు వ్రాసిన ఉత్తరం. 'మా వారికి మంట ఉన్నది, ఆవకాయ మానమంటే మానరు, ఏం చేయను?' అని. మిరపకాయ ఆమ్లాన్ని ఊరించడం కంటే, మంటను గ్రహించే నాడీ గ్రాహకాలను నేరుగా తాకడం ఎక్కువగా చేస్తుంది. ఆ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. వేడినీ, కారాన్నీ ఒకే గ్రాహకం పసిగడుతుంది, ఆమ్లం కూడా దానిని రేపగలదు. అందుకే అప్పటికే పుండుగా ఉన్న అన్నవాహికకు కారం రెట్టింపు మంటగా తోస్తుంది, ఆరోగ్యంగా ఉన్నదానికి అంతగా తెలియదు. అమ్మా, మీవారిని ఒకేసారి ఆవకాయ, కాఫీ, చింతపండు పులుసు, వేపుళ్ళు అన్నీ మానమంటే ఒక్కటీ మానరు. యంత్రంలో లోపం వెతికేటప్పుడు మేము ఒకసారికి ఒక్క మరనే తిప్పుతాము. ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. రెండు వారాలు రాత్రి భోజనం ఎనిమిదికి ముందు, మంచం కింద దిమ్మెలు, మిగతావన్నీ మామూలే. ఏ రాత్రి మంట వచ్చిందో, ఆనాడు ఏం తిన్నారో వ్రాయండి. తగ్గకపోతే తరువాతి రెండు వారాలు కాఫీ ఆపి చూడండి. ఆ తరువాతనే ఆవకాయ వంతు. అప్పుడైనా ముందు రాత్రి పూట నుండి మధ్యాహ్నానికి మార్చండి, నూనె ఒడిచి ముక్క మాత్రం వేయండి. ఆ పుస్తకంలోని లెక్కలు మాకూ పంపితే సంతోషిస్తాము.